పోస్టు సేటు

పోస్టు సేటుకు గల్లాలు రెండు. ఎడమచేతి గల్లా భారత ప్రభుత్వానిది, కుడిచేతి గల్లా ఆయన సొంతం. రెంటికీ నడుమ ఒక చెక్కపలక. దాని మీద పల్లీల డబ్బా, తారీఖు ముద్ర, బెల్లం కొట్టే కత్తి పక్కపక్కనే ఉంటాయి. నలభై ఏళ్ళలో ఒక గల్లాలోని పైసలు ఇంకో గల్లాలోకి దూకలేదని ఆయన ఎల్లమ్మ తల్లి మీద ఒట్టు పెడతాడు. దూకలేదు, నిజమే. నడిచి వెళ్ళాయి.

కామారెడ్డి నుంచి లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి పోయే బస్సెక్కి, నడుమ ఏ ఊళ్ళో దిగినా ఈయన తగులుతాడు. అందుకే ఊరి పేరు చెప్పను. చెబితే మిగతా ఊళ్ళవాళ్ళు మా సేటును ఎందుకు వదిలేశావని కొట్లాటకొస్తారు. గుర్తులు మాత్రం చెప్తాను. కిరాణం దుకాణం, ముందు రేకుల పందిరి, పందిరి గుంజకు వేలాడే ఎర్రడబ్బా, ఆ డబ్బా మీద ఎండబెట్టిన తువ్వాల. గోడకు ఎర్రబోర్డు ఉంటుంది. అందులో ‘శాఖా తపా’ దాకానే కనిపిస్తుంది. మిగతా అక్షరాలు బట్టల సబ్బు ప్రకటన వెనక ఉంటాయి. ఇదేంటని అడిగితే, “పోస్టాఫీసు ఎక్కడుందో ఊరందరికీ తెల్సు, సబ్బు అచ్చిన ముచ్చట ఎవరికి తెల్సు?” అంటాడు. దీనికి జవాబు నా దగ్గర లేదు.

దుకాణంలో పోస్టాఫీసు ఒక్క మన దగ్గరే కాదు. అమెరికావాళ్ళు 2011లో ఒక ఉపాయం కనిపెట్టారు. పల్లె పోస్టాఫీసులు గిట్టుబాటు కావడం లేదు, దాదాపు 3,700 పోస్టాఫీసులను ఉంచాలా మూయాలా అని లెక్కలు తీశారు. మూసినచోట ఊళ్ళో ఉన్న దుకాణానికే స్టాంపులు, పార్శిలు డబ్బాలు అమ్మే పని అప్పజెప్పి, దానికి ‘విలేజ్ పోస్టాఫీస్’ అని పేరు పెట్టారు. మొదటిది ఆ ఏడు ఆగస్టులోనే వాషింగ్టన్ రాష్ట్రంలో మలోన్ అనే చిన్న ఊళ్ళో తెరిచారు. కెనడాలో తపాలా కౌంటర్లు మందుల షాపుల్లోకి వెళ్ళాయి. జనం గోల పెడితే పల్లె పోస్టాఫీసుల మూతను 1994లో ప్రభుత్వమే ఆపింది. బ్రిటన్‌లో సంగతి ఇంకా ముదిరింది. అక్కడ దుకాణాల్లో పోస్టాఫీసు నడిపేవాళ్ళ లెక్కల్లో హొరైజన్ అనే కంప్యూటర్ ఏర్పాటు లేని తేడాలు చూపించింది. 1999 నుంచి 2015 లోపల 900 మందికి పైగా దోషులుగా తేలారు. చివరికి 2024లో పార్లమెంటే చట్టం చేసి ఆ శిక్షలను కొట్టేయాల్సి వచ్చింది.

ఈ కథ చెప్పినప్పుడు సేటు బెల్లం కొట్టడం ఆపేశాడు. “కంప్యూటర్‌కు లెక్క కుదరకుంటే సేటును జైల్ల ఏస్తరా? నా లెక్క నాకే కుదరదు, దానికెట్ల కుదుర్తది?” అన్నాడు.

మన దగ్గర పోస్టాఫీసును తీసి దుకాణంలో పెట్టే తంటా రాలేదు. చాలా ఊళ్ళలో అది పుట్టిందే దుకాణంలోనో, పంతులు గారి అరుగు మీదో, పటేలు గారి గడి గదిలోనో. తెల్లదొరల కాలం నుంచీ డిపార్ట్‌మెంటు పద్ధతి ఇదే. పోస్టుమాస్టరు కావాలంటే చోటు నువ్వే చూపించుకో, పొట్ట గడవడానికి ఇంకో ఆధారం ఉందని రుజువు చెయ్యి, రోజుకు నాలుగైదు గంటలు మాకివ్వు. వేరే బతుకుతెరువు ఉండటమే అర్హతగా గల సర్కారు పని ఇంకోటి నాకు తెలియదు. 2001 దాకా ఈ మనిషిని ఈడీ (ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్) పోస్టుమాస్టరు అన్నారు, తర్వాత గ్రామీణ డాక్ సేవక్ అన్నారు. 2018లో కమలేశ్‌చంద్ర కమిటీ పుణ్యాన నాలుగు గంటల పనికి మొదటి భత్యం 12,000 అయింది. అంతకుముందు వచ్చేదాన్ని సేటు జీతం అనేవాడు కాదు. దేశంలో లక్షన్నరకు పైగా పోస్టాఫీసులుంటే పదింట తొమ్మిది పల్లెల్లోవే. అందులో ఎక్కువ భాగాన్ని నడిపేది ఇటువంటి సేట్లు, పంతుళ్ళు, వాళ్ళ వారసులే.

మనీఆర్డర్ల కాలంలో సేటు వైభవం చూడాల్సింది. భీవండి మగ్గాల మీద పనిచేసే కొడుకు పైసలు పంపుతాడు. ముసలమ్మ వచ్చి పందిరి కింద నిలబడుతుంది.

“సేటూ, మా పిలగాని పైసలు అచ్చినయా?”

“అచ్చినయ్ అవ్వా. అయిదు నూర్లు. ఇట్ల గూసో.”

ఎడమ గల్లా తెరుచుకుంటుంది. ఫారం మీద అవ్వ వేలిముద్ర, ఎదుట బల్ల మీద చాయ్ తాగుతున్నవాడి సాక్షి సంతకం. ఆ బల్ల మీద ఎవరు కూర్చున్నా సాక్షే. అయిదు వందలూ అవ్వ కళ్ళ ముందు లెక్కపెట్టి పలక మీద పెడతాడు. ఇప్పుడు కుడి గల్లా తెరుచుకుంటుంది. ఎర్రట్ట ఖాతా పుస్తకం బయటికొస్తుంది. “ఉద్దెర మూడు నూర్ల నలభై.” పలక మీది నోట్లు కుడివైపు జరుగుతాయి. మిగిలిన నూట అరవై చేతికివ్వబోతూ, “చాపత్తా ఒడిసిపోయిందన్నవ్ గదా?” అని గుర్తుచేస్తాడు. ప్రభుత్వ సొమ్ము అణా పైసలతో చేరింది, రసీదు ఉంది, సాక్షి ఉన్నాడు. ఏ ఇన్‌స్పెక్టరైనా ఏమంటాడు?

గల్ఫు ఉత్తరాల దగ్గర మాత్రం ఈయన ఇంకో మనిషి. దుబాయి నుంచో మస్కట్ నుంచో కవరు వస్తే చదివిపెట్టేది ఆయనే. కొడుకు ‘అర్బాబు మూడు నెల్ల సంది జీతమిస్తలేడు, పాస్‌పోర్టు గుంజుకున్నడు’ అని రాస్తాడు. సేటు కళ్ళద్దాలు సర్దుకుని, “అంత మంచిగున్నదట. వచ్చే నెల పైసలు పంపుతడట. నువ్వు మందులు ఏసుకుంటున్నవా అని అడుగుతున్నడు” అని చదువుతాడు. లేని మందుల సంగతి కూడా కలుపుతాడు. ఆ తర్వాత ఆ ‘వచ్చే నెల’ నమ్మకం మీద అవ్వ సామాను అడిగితే కాదనలేక ఉద్దెర రాసుకుంటాడు. తన అబద్ధానికి తానే జమానతు పడ్డవాణ్ణి నేను ఈయనొక్కణ్ణే చూశాను. ఇంటికి వెళ్ళాక మాత్రం అసలు సంగతి పెళ్ళాంతో చెప్తాడు. తెల్లారేసరికి ఊరంతటికీ తెలుస్తుంది, ఆ ముసలమ్మకు తప్ప.

ఉత్తరం తూచేది బెల్లం తూచే కాంటాతోనే. మామూలు కవరుకు ఇరవై గ్రాముల దాకా అయిదు రూపాయల స్టాంపు. కామారెడ్డి బెల్లపు ముద్దలెక్కే పళ్ళానికి ఇరవై గ్రాములు ఎక్కడ ఆనుతుంది? పళ్ళానికి అంటుకున్న బెల్లమే అంతుంటుంది. అందుకే ఎడమ అరచేతిలో పెట్టుకుని కళ్ళు మూసుకుని, “పద్దెనిమిది” అంటాడు. నేను ఒకసారి కామారెడ్డి పెద్ద కౌంటర్లో అదే కవరు తూకం వేయించాను. పద్దెనిమిదే. ఎల్లారెడ్డిలో సంచులు విప్పే గుమాస్తాకు మాత్రం ఈ ఊరి సంచి ముడి విప్పకముందే తెలిసిపోతుంది. చీమలు ముందు దిగుతాయి.

ఇక సేటు చేతి మీదుగా పంచే పించన్ల పదహారు రూపాయల భాగోతం. పదహారంటే మనకు శుభం. పెళ్ళిలో నూటపదహార్లు చదివించినట్టే సర్కారు కూడా లెక్క కట్టింది. 2014లో వెయ్యి రూపాయలతో మొదలైన ఆసరా పించను 2019లో 2016 అయింది. రెండు వేలు సాయం, పదహారు ఆశీర్వాదం. ఆ ఆశీర్వాదానికి చిల్లర ఎక్కణ్ణుంచి తేవాలో ఎవరూ చెప్పలేదు.

సేటు మొదట సహకార సూత్రం పెట్టాడు. “అయిదుగురు కలిసి రాండ్రి, ఎనభై ఇస్త, మీరే పంచుకోండ్రి” అన్నాడు. అవ్వలు పందిరి కిందే పంచాయితీ పెట్టి, పాత తగాదాలన్నీ తవ్వి, కుంట కట్ట మీద ముప్పై ఏళ్ళ కిందట పోయిన కోడి దాకా వెళ్ళారు. ఆ నెలతో ఆ సూత్రం మూతపడింది. తర్వాత వస్తు రూపం వచ్చింది: పది రూపాయల బట్టల సబ్బు ఒకటి, రెండేసి రూపాయల అగ్గిపెట్టెలు రెండు, చాక్లెట్లు రెండు. పదహారు సరి. పళ్ళు లేని మనిషికి చాక్లెట్ ఎందుకంటే, “చప్పరియ్యి అవ్వా, కొరుకుడెందుకు?” అనేవాడు.

ఇది తప్పా? తప్పే. డిపార్ట్‌మెంటు రూలు ప్రకారం తప్పు, అవ్వ లెక్క ప్రకారమూ తప్పే. కానీ పించను కోసం మిషను మీద వేలిముద్ర పడని రోజు కూడా చూడాలి. ఈ జిల్లాలో ఇంటింటా బీడీలు చుట్టీ చుట్టీ ఆడవాళ్ళ వేళ్ళ మీది గీతలు అరిగిపోయాయి. మిషను మీద వేలు పెడితే ఎర్రలైటు. సేటు ఆమె వేలు తుడుస్తాడు, ఊదుతాడు, తన తలనూనె రాస్తాడు, సబ్బుతో కడుక్కు రమ్మంటాడు. (సబ్బు పదహారులోంచే.) సిగ్నల్ లేకపోతే మిషను పట్టుకుని నీళ్ళ ట్యాంకు మెట్లెక్కుతాడు, కింద అవ్వలందరూ వరసలో కూర్చుంటారు. అయినా పడకపోతే, ఆమె బదులు పెట్టడానికి పంచాయతీ సెక్రటరీ వేలు కోసం బండేసుకుని తిరుగుతాడు. కాగితం మీద ఆయన పని నాలుగు గంటలు. రాత్రి పదింటికి తలుపు కొట్టినా, స్టాంపు కావాలా చక్కెర కావాలా అని మాత్రమే అడుగుతాడు.

ఆయన్ని నిజంగా చిక్కుల్లో పెట్టింది చుట్ట తాగే ఒక అవ్వ. సబ్బు వద్దు, చాక్లెట్ వద్దు, పదహారుకూ అగ్గిపెట్టెలే ఇమ్మంది. ఎనిమిది. ఇచ్చాడు. “అన్నిటికీ ముద్ర ఎయ్యి. ఇయ్యలేదని నేను రేపు అనద్దు, ఇయ్యకుంట ఇచ్చిన్నని నువ్వు అనద్దు” అంది. బేరం ధర్మంగా ఉంది. సేటు తారీఖు ముద్ర తీసి ఎనిమిది అగ్గిపెట్టెల మీదా టకటకా కొట్టాడు. ఆ వారమే ఇన్‌స్పెక్టర్ తనిఖీకొచ్చాడు. లెక్కలు సరిపోయాయి, నగదు సరిపోయింది. బయట పందిరి కింద సిగరెట్టు తీసి, పక్కన కూర్చున్న అవ్వను అగ్గిపెట్టె అడిగాడు. భారత తపాలా శాఖ ముద్ర, ఊరి పేరుతో, తారీఖుతో సహా చేతికొచ్చింది.

“ఇదేంటయ్యా?”

“తారీఖు సార్. సామాను పాతదో కొత్తదో తెల్వాలె గదా.”

అరవై అయిదేళ్ళు నిండాక సేటును ఇంటికి పంపారు. ఇప్పుడు పరీక్ష లేదు, ఇంటర్వ్యూ లేదు. పదో తరగతి మార్కుల వరసలో పేరు తగిలితే చాలు, కాకపోతే సైకిలు తొక్కడం రావాలి. పదికి పది జీపీఏ వచ్చిన, ఇంజినీరింగ్ చదివిన ఒక అమ్మాయి ఖమ్మం వైపు నుంచి వచ్చింది. పోస్టాఫీసుకు ఊళ్ళో చోటు ఆమే చూసుకోవాలి. చూసింది. ఊళ్ళో అద్దెకు దొరికింది ఒక్కటే చోటు: పలకకు ఎడమవైపు. నెల నెలా అద్దె. ఎడమ నుంచి కుడికి పైసలు ఇప్పుడు రాజమార్గాన నడుస్తున్నాయి.

అమ్మాయి బ్యాంకులో బతిమాలి చిల్లర సంచి తెచ్చింది. ఒక్కో అవ్వకూ 2016, పైసా తక్కువ కాకుండా ఇచ్చింది. అవ్వలు ఆ పదహారు రెండుసార్లు లెక్కపెట్టుకుని, ఒక అడుగు కుడికి జరిగి, సబ్బు, రెండు అగ్గిపెట్టెలు, రెండు చాక్లెట్లు కొనుక్కున్నారు.

“చూస్తివా బిడ్డా, నేను తొందరగ ఇచ్చేటోణ్ణి, అంతే ఫరక్” అన్నాడు సేటు. ఆమె “అవును తాతా” అని మిషను మీదికి వంగింది. సిగ్నల్ ఎక్కడ దొరుకుతుందో ఇప్పటికీ ఆయన్నే అడుగుతుంది. ఆధార్ పేరు తప్పొస్తే ఏ ఇంటివాళ్ళో పోల్చేదీ ఆయనే.

మొన్న సేటుకు మనవడు ఫోన్లో ఫ్రాంచైజీ పథకం చూపించాడు. కౌంటరు తెరవలేని చోట కిరాణం షాపులకూ పాన్ డబ్బాలకూ కూడా డిపార్ట్‌మెంటు పని అప్పజెప్తుంది. బుకింగే తప్ప బట్వాడా ఉండదు. అందులో రాసిన ప్రకారం రిజిస్టరు పోస్టుకు మూడు రూపాయలు, స్పీడు పోస్టుకు అయిదు, స్టాంపుల మీద నూటికి అయిదు కమిషను. సేటు ఆసాంతం విన్నాడు.

“నలభై ఏండ్లు నేను జేసింది ఇదే గదరా, కమిషను లేకుంట!”

తర్వాత వేళ్ళ మీద లెక్క వేశాడు. 2025లో రిజిస్టరు పోస్టును స్పీడు పోస్టులో కలిపేశారు. అంటే మూడు పోయి అయిదు నిలిచింది. మనిషికి రెండు రూపాయలు లాభం. తన ఎడమ గల్లాకు తానే పోటీ పెట్టి, అద్దె కూడా వసూలు చేసుకోవచ్చు. ముఖం వెలిగింది. దస్తావేజులో ఇంకేమున్నాయో చదవమన్నాడు. మనవడు డిపాజిట్ కట్టాలన్న వాక్యం దగ్గర ఆగాడు.

సేటు కాసేపు బెల్లం ముద్ద వైపు చూశాడు.

“నగదే ఇయ్యాల్నటనా? సామానిస్తే నడ్వదా?”