తాళాలు పెరిగాయి, కాపలా తగ్గింది

మా రోజుల్లో బేగంపేట విమానాశ్రయంలో కరెంటు పోయినా విమానం పోయేది. టెలెక్స్‌లో దిగిన ప్రయాణికుల జాబితా, వచ్చినవాళ్ల పేర్లు కొట్టేయడానికి ఎర్ర పెన్ను, సీటు నంబర్ల స్టిక్కర్ల షీటు. అంతే సరంజామా. స్టిక్కరు పీకి బోర్డింగ్ పాస్ మీద అంటిస్తే సీటు ఇచ్చినట్టు, షీటు ఖాళీ అయితే విమానం నిండినట్టు. ఎక్కడో కూర్చున్నవాడు ఆ షీటులోకి దూరి సీట్లు తారుమారు చేసే ప్రశ్నే లేదు.

2008 మార్చిలో బేగంపేట మూతపడి మమ్మల్నందరినీ శంషాబాద్ తోలారు. గాజు గోడలు, బారులు తీరిన కౌంటర్లు, ప్రతి బల్ల మీదా ఒక తెర. ఇప్పుడైతే డిజియాత్ర వచ్చింది, మొహం చూపిస్తే గేటు తెరుచుకుంటుంది. బాగుంది, కాదనను. నా గొడవల్లా ఒక్కటే. ఈ కాలపు ఆఫీసు ఏదైనా తీసుకోండి, తాళాలు ఎన్ని కొన్నారో బిల్లులతో సహా చెబుతారు. తాళంచెవులు ఎవరెవరి దగ్గరున్నాయో అడిగితే మొహమొహాలు చూసుకుంటారు.

మా మనవడిది సైబర్ సెక్యూరిటీ ఉద్యోగం. రాళ్లగూడ నుంచి అవుటర్ రింగు రోడ్డు మీద గచ్చిబౌలి పోయి, రాత్రంతా తెరలు చూసి తెల్లారి వస్తాడు. ఫైర్‌వాల్, వీపీఎన్, ఓటీపీ అంటూ అష్టోత్తరం చదువుతుంటాడు. ‘‘ఇన్ని ఉండగా దొంగ ఎట్లా వస్తాడురా?’’ అంటే, ‘‘మెయిల్ల వస్తడు తాతా. మనోళ్లే తలుపు తీస్తరు’’ అన్నాడు.

నిజమే. 2022 జనవరిలో మన హైదరాబాద్ మహేష్ బ్యాంకు సర్వర్‌లోకి దూరి 12 కోట్ల రూపాయలకు పైగా ఊడ్చుకుపోయారు. అంతకుముందే సిబ్బందికి దొంగ మెయిళ్లు పంపి, తెరిచినవాళ్ల కంప్యూటర్లను చేతిలో పెట్టుకుని, అక్కడి నుంచి నెమ్మదిగా పెద్ద లాగిన్ల దాకా పాకారు. ప్రహరీ దూకినవాడికి లోపల మరో గోడ అడ్డం రాలేదు. 2023లో రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకుకు 65 లక్షల జరిమానా వేసింది. నెట్‌వర్క్‌ను గదులు గదులుగా విడగొట్టాలని, ఒక గదిలో పడ్డ దొంగ పక్క గదిలోకి పోలేకుండా చూడాలని మనవడు నాకు పాఠం చెబుతాడు. మా రోజుల్లో క్యాష్ రూముకూ కార్గో షెడ్డుకూ ఒకే తాళంచెవి వాడితే మెమో చేతికొచ్చేది.

దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయంటారు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ వాళ్లు 2022 ఏప్రిల్‌లో ఆ ఆరు నెలల్ని ఆరు గంటలకు కుదించారు. దాడి సంగతి తెలిసిన ఆరు గంటల్లో తమకు చెప్పాలి, లాగ్‌లు 180 రోజులు దాచాలి. మంచి రూలే. అయితే దాచడం వేరు, చదవడం వేరు. మా డ్యూటీ మేనేజరు లాగ్ బుక్కు చదివాకే కాఫీ ముట్టేవాడు. రాత్రి రెండింటికి షెడ్డు తెరిచినట్టుంటే, ఎందుకు తెరిచారో తేలేదాకా వదిలేవాడు కాదు. ఇప్పుడు తెర మీద అలర్టులు ఎడతెగకుండా మోగుతాయి. ‘‘అన్నీ ఎవరు చూస్తరు తాతా?’’ అని మనవడే అంటాడు.

తాళంచెవులకు మాకో రిజిస్టరు ఉండేది. షిఫ్టు మారితే సంతకం. ఉద్యోగం మానేస్తే బ్యాడ్జీ ఇచ్చాకే చివరి జీతం. ఇప్పుడు మనిషి వెళ్లిపోయినా లాగిన్ నెలల తరబడి బతికే ఉంటుంది. ఎవరికి ఎంత పనో అంతే అనుమతి, పనయ్యాక రద్దు. ఈ మాత్రం సంగతికి ఏదో ఇంగ్లీషు పేరు తగిలించి, స్లైడ్లు వేసి, లక్షలు తీసుకుంటున్నారు. మా స్టోర్‌కీపర్ ఊరికే చేసేవాడు.

ఇక క్లౌడ్. ‘‘మా డేటా అంతా క్లౌడ్‌లో ఉంది, మాకేం భయం’’ అనే మేనేజర్లను చూస్తే ఒళ్లు మండుతుంది. అదేం దేవలోకంలో లేదు. 2022 నవంబరులో మొదలైన అమెజాన్ వారి హైదరాబాద్ క్లౌడ్ డేటా సెంటర్లు చందనవెల్లిలో, ఫ్యాబ్ సిటీలో, మీర్‌ఖాన్‌పేటలో, అంటే మా శంషాబాద్ చుట్టుపక్కలే ఉన్నాయి. భవనానికీ యంత్రాలకూ వాళ్లు కాపలా కాస్తారు. పాస్‌వర్డు ఎవరికిచ్చావు, ఏ ఫోల్డరు బార్లా తెరిచి పెట్టావు అన్నది నీ పూచీ. 2021లో ప్రయాణికుల వివరాలు చూసే సీటా సంస్థ మీద దాడి జరిగితే, 45 లక్షల మంది సమాచారం బయటపడిందని చెప్పుకోవాల్సి వచ్చింది ఎయిరిండియా. పని బయటివాడికి అప్పజెప్పొచ్చు గానీ, పోయే పరువు మనదే.

2024 జులై 19న దొంగ కూడా అక్కర్లేకపోయింది. కాపలా కాయాల్సిన క్రౌడ్‌స్ట్రైక్ సాఫ్ట్‌వేరే ఒక తప్పుడు అప్‌డేట్ పంపి, ప్రపంచమంతటా 85 లక్షల విండోస్ కంప్యూటర్లను పడుకోబెట్టింది. శంషాబాద్‌లో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులిచ్చారు. హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ఇండిగో పాసు ఫొటో దేశమంతా తిరిగింది. జనం వింతగా చూశారు. వింతేముంది, ఆ రోజు మొరాయించనిది పెన్నొక్కటే! చాలాచోట్ల ఒక్కో యంత్రం దగ్గరికి మనిషే వెళ్లి ఆ తప్పుడు అప్‌డేట్ ఫైలు చెరిపితే గానీ అవి లేవలేదు. 2025 సెప్టెంబరులో కాలిన్స్ ఏరోస్పేస్ చెకిన్ వ్యవస్థ మీద దాడి జరిగినప్పుడు హీత్రో, బ్రస్సెల్స్, బెర్లిన్ విమానాశ్రయాలు కూడా కాగితం వెతుక్కున్నాయి.

అట్లని మా రోజులు రామరాజ్యమేం కాదు. క్రెడిట్ కార్డు నంబర్లున్న కార్బన్ కాగితాలు చెత్తబుట్టలో పడి ఉండేవి. కాకపోతే అప్పటి దొంగ మోయగలిగినంతే ఎత్తుకుపోయేవాడు. ఇప్పటివాడికి బరువన్నదే లేదు.

అందుకే మనవడికి చెప్పాను. ‘‘కొత్త సెక్యూరిటీ బాక్సు కొనిపించే ముందు లాగిన్ల జాబితా ఒక్కో పేరూ చదివించు. అప్‌డేట్ ముందు నాలుగు యంత్రాల మీద వేసి చూడు. బ్యాకప్‌ను నెట్‌వర్క్ తగలనిచోట పెట్టి, తిరిగి ఎక్కుతుందో లేదో పరీక్షించు. నెలకో గంట తెరలన్నీ ఆపేసి, కాగితం మీద పని నడిపించు.’’

‘‘క్లయింట్ ఒప్పుకోడు తాతా.’’

‘‘ఒప్పుకోనని రాసి సంతకం పెట్టమను. మా రోజుల్లో సంతకం అనగానే సగం మంది ఒప్పుకునేవాళ్లు.’’