మత్స్యదిష్టి సూత్రం: టీకా తాత్పర్య సహితం

మూలం: ఈశాన్యమున గాజుతొట్టె నుంచి, అందు బంగారుచేపల నెనిమిదింటిని, నల్లదాని నొకదానిని విడువవలెను. చచ్చెనేని గృహదిష్టి తొలగినట్లెఱుంగునది.

అవతారిక: అమలాపురం మొదలు ఓడలరేవు దాకా కొత్త డాబా కట్టినవారికి గృహప్రవేశం నాడే ఎవరో ఒకరు ఉపదేశించే సూత్రమిది. కర్త ఎవరో తెలియదు. ఎనిమిది ప్లస్ ఒకటి లెక్క ఫెంగ్ షూయిది, ఈశాన్యం మన వాస్తుది. రెండు శాస్త్రాలూ ఒకే తొట్టె మీద పడ్డాయి గనుక చేపకు దిక్కు లేదు.

టీక: "ఈశాన్యమున", "గాజుతొట్టె" సుగమాలు.

"ఎనిమిదింటిని": గోల్డ్‌ఫిష్ చల్లని నీళ్ల చేప. వెయ్యేళ్ల కిందట చైనాలో కార్పు జాతి నుంచి పెంపకంలో పుట్టింది. సరిగా సాకితే పదేళ్లు దాటి బతుకుతుంది, జానెడుకు మించి పెరుగుతుంది. రెండడుగుల తొట్టెలో తొమ్మిదింటిని వేస్తే సాయంత్రం అమలాపురం బస్సే. సూత్రకర్త ఈ సంగతి చెప్పలేదు. ఆయన చేప ఎదిగేదాకా ఆగే రకం కాదు.

"చచ్చెనేని": ఎందుకు చస్తుందని శంక. చేప మొప్పల గుండా అమోనియా వదులుతుంది. దాన్ని నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా కొత్త తొట్టెలో ఉండదు. అది నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు కావాలి. నిలదొక్కుకున్నాక ఫిల్టరు స్పాంజిని క్లోరిన్ కలిసిన కుళాయి నీళ్ల కింద తళతళలాడేలా కడిగితే మళ్లీ మొదటికొస్తుంది. ఎండలకు నీళ్లు వేడెక్కి, పీహెచ్ కూడా పెరిగితే అమోనియా మరింత విషం. మొప్పలు ఎర్రబడతాయి, చేప పైకి తేలి నోరు తెరిచి మూస్తుంది. ఇంటాయన వచ్చినవాళ్లకు చూపించి, "ఎవరి కన్నో తగిలిందండి" అంటాడు.

విశేషం: మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని కావ్య వ్యాఖ్యాత మల్లినాథ సూరి నియమం పెట్టుకున్నాడు. ఈ వ్యాఖ్యాతకు రెండో నియమం లేదు గనుక నాచు సంగతి చెప్పక తప్పదు. కోనసీమ పంటకాలవల్లో కాళ్లకు చుట్టుకునే నాచుల్లో హైడ్రిల్లా ఒకటి. 1950ల మొదట్లో అక్వేరియం వ్యాపారం కోసం దీన్ని శ్రీలంక నుంచి ఫ్లోరిడాకు పట్టుకెళ్లారు. తొట్టెల్లోంచి కాలవల్లోకి జారి అక్కడి సరస్సులనూ నదులనూ కప్పేసింది. దాన్ని అదుపు చేయడానికి అమెరికా వాళ్లు మందులు చల్లారు, గడ్డి తినే చేపలను వదిలారు. బదులు అన్నట్టు దక్షిణ అమెరికా గుర్రపుడెక్క పూలందం కోసం మన దేశానికొచ్చి ఈ కాలవలనే పూడ్చేసింది.

మళ్లీ తొట్టె దగ్గరకొస్తే, నాచు అమోనియాను పీల్చుకుంటుంది. కాలవలో ఊరికే దొరుకుతుంది. అయినా ఈశాన్యపు తొట్టెలో ఉండేది గులాబిరంగు ప్లాస్టిక్ మొక్క.

ఆక్షేపం: వైనతేయ నది ఒడ్డున వనామి రొయ్య వేసే రైతు తెల్లవారుజామునే చెరువు గట్టు మీదుంటాడు. ఏరియేటర్లు ఆగితే గుండె ఆగుతుంది. నీళ్లు ల్యాబుకు పంపో, టెస్ట్ కిట్‌తోనో అమోనియా, పీహెచ్ చూస్తాడు, జియోలైట్ చల్లుతాడు. చెరువులో రొయ్య పోతే దిష్టి అనుకుని ఊరుకోడు, మేత తగ్గిస్తాడు. అదే మనిషి హాల్లో మూడు పూటలా గుప్పెడు గింజలు పోసి, మర్నాడు తేలిన చేపను తీసిపారేసి, ఇంటికి మేలైందని సంబరపడతాడు. చదువు లేక కాదు. చెరువులో పెట్టుబడి ఉంది, తొట్టెలో లేదు.

తాత్పర్యం: తొట్టె ఏ మూలనైనా పెట్టండి. చేపలు లేని తొట్టెలో చిటికెడు మేత వేస్తూ ఫిల్టరు నడిపి, అమోనియా, నైట్రైట్ పెరిగి మళ్లీ సున్నా చూపేదాకా ఆగండి. కాలవ నాచును నత్తలు, పురుగులు పోయేలా కడిగి వేయండి. గోల్డ్‌ఫిష్ కొంత తినేస్తుంది, తిననివ్వండి. వారానికోసారి పావువంతు నీళ్లు మార్చండి, స్పాంజిని ఆ తీసిన నీళ్లలోనే పిండండి. రెండడుగుల తొట్టెకు తొమ్మిది చేపలు వద్దు. రొయ్యల చెరువుకు కొన్న టెస్ట్ కిట్ ఇంట్లోనే ఉంటుంది, దాన్ని హాల్లోకి తెచ్చుకోండి.