మాస్టారూ, ఈ సలహాలు వినకండి

ప్రభుత్వ ఉపాధ్యాయులు ఆంధ్రప్రదేశ్‌లో 62 ఏళ్లకు, తెలంగాణలో 61 ఏళ్లకు రిటైరవుతున్నారు. సన్మానం చేసిన శాలువా మడత విప్పకముందే ఏదో ఒక ప్రైవేటు స్కూలు నుంచి ఫోను వస్తుంది. దాని వెంటే సలహాలూ మొదలవుతాయి. వాటిలో ఈ ఐదూ పెన్షన్ తీసుకుంటూ మళ్లీ పాఠం చెప్పేవాళ్లను నిండా ముంచేవి.

1. "పెన్షన్ వస్తోందిగా, ఎంతిచ్చినా సర్దుకోండి"

యాజమాన్యాలకు బాగా నచ్చే మాట ఇది. పెన్షన్ ఎవరి దయాధర్మమూ కాదని 1982 డిసెంబరు 17న డి.ఎస్. నకారా కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. అందుకే ఏటా ఆ రోజున పెన్షనర్ల దినోత్సవం జరుపుకుంటున్నాం. పెన్షన్ ఇన్నేళ్లూ చేసిన పనికి వచ్చేది, జీతం రేపు చెప్పబోయే పాఠానికి రావలసింది. మొదటిదాన్ని చూపించి రెండోదాన్ని కోస్తామంటే ఒప్పుకోకండి. మీరు పదిహేను వేలకు తలూపితే, పక్క తరగతిలో పాఠం చెబుతూ డీఎస్సీకి చదువుకుంటున్న అమ్మాయి ఇరవై వేలు ఎలా అడుగుతుంది? ఉచితంగా చెప్పాలని మనసుంటే సర్కారు బడికి వెళ్లండి. కేంద్రం నడిపే విద్యాంజలిలో రిటైరైన టీచర్లు స్వచ్ఛందంగా పేరు నమోదు చేసుకోవచ్చు. పిల్లల దగ్గర ఫీజులు వసూలు చేసే స్కూలుకు మీ దానం అక్కర్లేదు.

2. "తెలిస్తే పెన్షన్ ఆపేస్తారు, జీతం మీ అబ్బాయి పేర తీసుకోండి"

ప్రైవేటు బడిలో చేరినంత మాత్రాన ఉపాధ్యాయుడి సర్వీసు పెన్షన్ ఆగదు. లేని భయంతో చేసే ఈ దొంగ ఏర్పాటే అసలు ప్రమాదం. ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు ఉద్యోగం గురించి అడిగితే ఉన్నది ఉన్నట్టు రాయండి. ప్రభుత్వమే మళ్లీ నియమిస్తే మాత్రం సంగతి వేరు. పెన్షన్‌ను లెక్కలోకి తీసుకుని జీతం ఖరారు చేసే నిబంధనలుంటాయి. ఆ ఉత్తర్వు పూర్తిగా చదివాకే చేరండి.

3. "రెండుచోట్లా పన్ను కోయడం లేదు, నిశ్చింతగా ఉండండి"

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. నెలకు 60,000 పెన్షన్, 50,000 జీతం అనుకుందాం. ట్రెజరీ 7,20,000 చూస్తుంది, స్కూలు 6,00,000 చూస్తుంది. కొత్త పన్ను విధానంలో దేనికదే 12 లక్షల లోపు కాబట్టి ఇద్దరూ పైసా కోయరు. కానీ పెన్షన్ కూడా జీతం కిందే లెక్క. మొత్తం 13,20,000. అందులో 75,000 స్టాండర్డ్ డిడక్షన్ ఒక్కసారే పోతుంది. మిగిలిన 12,45,000 మీద 2025-26 రేట్ల ప్రకారం సెస్సుతో కలిపి 46,800 కట్టాలి. చేరిన రోజే మీ పెన్షన్ వివరాలు స్కూలుకు రాసివ్వండి.

4. "రిటైరయ్యారు, ట్యూషన్లకు అడ్డేముంది?"

ఇంటి దగ్గరే చెప్పుకుంటే అడ్డేమీ లేదు. కానీ ఏ స్కూల్లోనైనా మళ్లీ టీచరుగా చేరారంటే విద్యాహక్కు చట్టం 2009లోని 28వ సెక్షన్ మీకూ వర్తిస్తుంది. ఉపాధ్యాయులు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదని అందులో స్పష్టంగా ఉంది. బడి, ట్యూషన్లలో ఏదో ఒకటి ఎంచుకోండి.

5. "మనలో మనకు కాగితాలెందుకు?"

నియామక పత్రం లేకపోతే వేసవి నెలల జీతం ఎగ్గొట్టినా అడిగే దారుండదు. 2009లో చేసిన సవరణతో టీచర్లూ గ్రాట్యుటీ చట్టం కిందికి వచ్చారు. అయిదేళ్లు పనిచేస్తే ఆ హక్కు మీకూ ఉంటుంది, దాన్ని నిరూపించేది ఆ కాగితమే. ఎన్ని పీరియడ్లు, ఎంత జీతం, ఏ నెల నుంచి ఏ నెల దాకా అన్నీ రాయించుకోండి. చేతికి నగదిస్తామంటే వద్దని, బ్యాంకు ఖాతాలో వేయమనండి.

చేరే ముందు సబ్ ట్రెజరీలో ఒకసారి, ఆడిటరు దగ్గర ఒకసారి అడిగి రండి. మీ అనుభవం పిల్లలకు అవసరం, తప్పకుండా వెళ్లండి. కానీ తగిన జీతం అడిగి, కాగితం చేతిలో పెట్టుకుని మరీ వెళ్లండి.