పటాల పెదనాయన

కంబదూరులో ఏ యింటి ఆడపడుచైనను కాన్పునకై పుట్టింటికి వచ్చినదని తెలిసిన మరునాడే, పిలుపుతో నిమిత్తము లేక, జేబులో రెండు మేకులును, చంకలో ఎండకు తప్ప వానకెన్నడును విప్పి యెరుగని గొడుగును పెట్టుకొని, గడప దాటి, “ఏమ్మా, బిడ్డను పండేసే గది యాడ?” అని విచారించు పెద్దమనిషి యొకరు కలరు. ఆయన యెవరికిని స్వయముగా పెదనాయన కారు గనుకనే ఊరందరికిని పెదనాయన యయినారు. ఇట్టివారు ఈ యొక్క గ్రామముననే యున్నారనుట ఇతర గ్రామముల కన్యాయము. కళ్యాణదుర్గమున నొకరు, రాయదుర్గమున నొకరు ఉండియే తీరుదురు. కాని నొళంబుల నాటి మల్లికార్జునాలయపు నీడను పుట్టి పెరిగితినను ధీమాచేత, శిల్పచిత్రకళలయందు తుదిమాట తనదేయని మా పెదనాయన నమ్మకము.

మన పల్లెలలో శిశువునకు వేరుగా గది యుండుట అపురూపము. పురిటిమంచము, దూలమునుండి వ్రేలాడు చీర ఉయ్యాల, మూలను సాంబ్రాణి పొగ, ఇవి కూడినచోటే శిశువు గది. ఆ గదిగోడలలో ఒకటి వాకిలికిని, ఒకటి కిటికీకిని, ఒకటి బీరువాకును పోగా, మిగిలిన యొక్క గోడమీదనే వంశాంకురము భవిష్యత్తు వ్రేలాడుచున్నదని పెదనాయన సిద్ధాంతము. కనుక ఆయన మొదట ఆ గోడను వ్రేళ్ల కణుపులతో తట్టి చెవి యొగ్గును. పాతకాలపు చౌడు మిద్దెయైనచో, మేకు దిగినకొలది మన్ను రాలి, పటము పెట్టవలసినచోట చక్కని గూడు తయారగును. అందు దీపము పెట్టుకొండని ఉదారముగా సెలవిచ్చి ఆయన పక్కగోడకు తరలును.

బిడ్డ దేనిని చూచుచు పెరుగునో దానివంటిదే యగునన్నది ఆయన వేదము. ఒకప్పుడు ఇంటింటను వ్రేలాడిన, పెదవికి వేలానించి నవ్వు మర్ఫీ రేడియో క్యాలెండరు పాపను తన యౌవనమున ఎన్ని గర్భిణుల యెదుట తగిలించినదియు ఆయన నేటికిని చెప్పుకొనును. వారిలో ఒక్కరి బిడ్డకైన ఆ పోలిక వచ్చెనా యని అడిగినవారిని మాత్రము మరల పలుకరింపడు.

పటమును ఎన్నుకొనుటకన్న త్రోసిపుచ్చుటయందే ఆయన ప్రతిభ వికసించును. 1894లో బొంబాయిలో రవివర్మ నెలకొల్పిన ముద్రణాలయము పుణ్యమా యని పల్లెపల్లెకును చేరిన దేవుళ్లను ఒక్కొక్కరినే పరీక్షకు నిలిపి ఆయన నెగ్గనిచ్చిన దేవుడు లేడు. యశోద చెంతనున్న కృష్ణుడా, వెన్నదొంగ. ఆ విద్య బిడ్డకు చూచి నేర్వవలసిన పనిలేదు. పట్టాభిరాముడా, పట్టాభిషేకము సరే, దానికి ముందు పదునాలుగేండ్ల అడవి యెవరు పడుదురు? ఆంజనేయుడా, బలము మెచ్చదగినదే, కాని వంశము అంతటితో సరి. హరిశ్చంద్రుని మాట తలపెట్టిన మేనమామను ఆయన చూచిన చూపు ఆ మేనమామ నేటికిని మరువలేదు. నిమ్మలకుంటనుండి మేకతోలు బొమ్మ యొకటి తెప్పింతమని, దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ తెచ్చిన కళ గదా యని ఎవరో అనగా, “కళ గొప్పదే. దీపం వెనకుంటేనే దాని సొగసు. దీపమార్పితే బిడ్డ పక్కన తోలు మిగులుతాది” అని తేల్చివేసినాడు.

ఆయన విశ్వరూపమును చూడవలెనన్న, బెంగుళూరులో ఉద్యోగము చేయు అల్లుడు వచ్చిన దినమున చూడవలెను. ఆ అల్లుడు సెల్‌ఫోనులో బేరమాడి గోడకంటించు స్టిక్కర్లను తెప్పించినాడు: మెడ చాచిన జిరాఫీ యొకటి, పెంగ్విన్ పక్షులు కొన్ని, తెల్లని మేఘములు, వాని క్రింద నీలపు చినుకులు. పెదనాయన కండ్లజోడు సవరించుకొని చాలసేపు చూచి, “అల్లుడూ, మంచులో బతికే పక్షి ఈ ఎండకు ఎట్ల తాళుతాదప్పా?” అనెను. అల్లుడు నవ్వి ఊరకున్నాడు. “పక్షి సంగతి పోనీ. ఈ మోడాలు కురుస్తాయా?” “బొమ్మలు గదా పెదనాయనా!” “కురవని మోడాలు మాకు బయట దండిగా ఉండాయి. దుడ్లు పెట్టి కొనేదెందుకు?” జైసల్మేరు తరువాత దేశమున అత్యల్ప వర్షపాతము మాదేయని బడిపిల్లలుకూడ వల్లించు జిల్లాలో, ఏడాది పొడుగునకు 550 మిల్లీమీటర్లు కురిసినచో పండుగ చేసికొను శెనక్కాయ రైతు యింట, ఈ ప్రశ్నకు ఏ యింజనీరు సమాధానము చెప్పగలడు? స్టిక్కర్లు చుట్ట చుట్టబడి అటకెక్కినవి.

ఆయనను నిరుత్తరుని చేసిన పటము నాకు తెలిసి ఒక్కటే. లేపాక్షి వీరభద్రాలయమున, అచ్యుతదేవరాయల కాలమున, విరుపణ్ణ సోదరుల పూనికను లేచిన మంటపపు కప్పుమీద మఱ్ఱియాకుపై పవళించిన బాలకృష్ణుని చిత్రమున్నది. చూచువాడెటు జరిగిన శిశువు చూపును అటే జరుగునని అచ్చటివారు చెప్పుదురు. వెల్లకిల పరుండిన బిడ్డకు కనబడునది గోడ కాదు, కప్పు అని కనిపెట్టినవారు నా దృష్టిలో ఆ 16వ శతాబ్దపు చిత్రకారులే. వటపత్రశాయి యనగానే పెదనాయన, “అది ప్రళయం నీళ్లు గదప్పా, అశుభం” అని యెత్తుకొనెను. ఇంటి యజమాని, శెనక్కాయ రైతు, తలయెత్తకయే, “ప్రళయమంతా మాకొద్దులే పెదనాయనా, అందులో మా చెరువు నిండేంత వస్తే చాలు” అనెను. మఱ్ఱియాకునైన తప్పుపట్టుద మన్నచో, కదిరి దాపున, 1989లో గిన్నిస్ గ్రంథమున కెక్కిన తిమ్మమ్మ మఱ్ఱిమాను సంతానార్థులు మ్రొక్కుకొను స్థలమాయె. పెదనాయన గొడుగును ఈ చంకనుండి ఆ చంకకు మార్చుకొనుట నేనప్పుడే చూచితిని.

అయినను పటము గోడకెక్కలేదు. కళ్యాణదుర్గపు అంగడిలో దొరికిన శివకాశి క్యాలెండరులో వటపత్రశాయి క్రింద ఒక వడ్డీ వ్యాపారి పేరు పెద్దక్షరములతో నుండెను; బిడ్డ మొదట చదువు పేరు అప్పులవానిది కారాదని పెదనాయన పట్టుపట్టగా, ఈ యొక్కమారు ఆయన వాదము నాకును సమంజసముగనే తోచినది.

ఇంతలో బిడ్డ పుట్టినది, ఆడపిల్ల. పురుటిలోని శిశువునకు ఎనిమిది నుండి పండ్రెండంగుళముల దూరముననున్న వస్తువే కొంత స్పష్టముగా కనబడుననియు, లేతరంగులకన్న నలుపుతెలుపుల వంటి గాఢభేదమే కంటి కానుననియు వైద్యులు చెప్పుదురు. ఇది చదువకయే ఎరిగిన అవ్వ, రూపాయిబిళ్లంత కుంకుమబొట్టుతో, మనుమరాలిని ఒడిలో నుంచుకొని, “ఎవురికప్పా ఆ పటము? బిడ్డ నా మొగము దాటి చూస్తే గదా!” అనెను. పెదనాయన ఆ ముఖమును అటునుండి ఇటునుండి పరీక్షించి, “అట్లయితే బొట్టు రవ్వంత ఎడమకు పోయింది, సరిచేయక్కా” అనెను.

మీ యింట ఉయ్యాల కట్టు యోగము పట్టినచో ఆయనకు కబురంప నక్కరలేదు, ఆయనే వచ్చును. మేకులు ఆయనవద్ద నుండును; సుత్తి మీరు చూచుకొనవలెను. కాఫీలో మాత్రము చక్కెర వేయకుడు, ఆయనకు మధుమేహము.