బోరు వేయబోయే రైతుకు ఊరు ఒప్పుకోని సలహాలు

బోరు పాయింటు పెట్టడానికి మనిషిని పిలిచే ముందు, ఆ మనిషినే ఎందుకు పిలుస్తున్నారో ఇంట్లో వాళ్లకు చెప్పండి. చెప్పలేకపోతే పిలవకండి. మార్కాపురం, కంభం, గిద్దలూరు పల్లెల్లో ఈ మాట ఎవరూ ఒప్పుకోరు. "ముందు పాయింటు పెట్టించాల గదా" అంటారు. ఒకాయన అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని చేనంతా నడుస్తాడు, కాయ నిక్కి నిలబడిన చోట రాయి పెట్టిస్తాడు. ఇంకొకాయన వేపపుల్ల పట్టుకుని తిరుగుతాడు. జియాలజిస్టు మిషను తెచ్చి, వైర్లు పరిచి, రీడింగులు రాసుకుంటాడు. వీళ్లలో ఎవరో ఒకరు చెప్పిన చోట బోరు వేసి, నీళ్లు పడకపోతే "ఆయన చెప్పాడనే వేశాను" అంటాం.

ఆయన్ను పిలిచింది మాత్రం మనమే. కొబ్బరికాయ మనిషి ఏదో ఒక చోట రాయి పెట్టకుండా వెళ్లడని మనకు తెలుసు. జియాలజిస్టు "ఈ చేలో వద్దు" అనే అవకాశం ఉందనీ తెలుసు. వినాలనుకున్న జవాబును బట్టే మనిషిని ఎంచుకుంటాం.

ఫ్రెంచి తత్వవేత్త సార్త్ర్ 1945లో పారిస్‌లో ఇచ్చిన ఒక ఉపన్యాసంలో ఈ సంగతే తేల్చాడు. యుద్ధకాలంలో ఆయన దగ్గరికి ఒక శిష్యుడు వచ్చాడు. అన్న యుద్ధంలో చనిపోయాడు, తల్లికి మిగిలింది తానొక్కడే. ఇంగ్లండు వెళ్లి సైన్యంలో చేరాలా, తల్లి దగ్గరే ఉండిపోవాలా అన్నది అతని ప్రశ్న. నీకు స్వేచ్ఛ ఉంది, నువ్వే ఎంచుకో అన్నాడు సార్త్ర్. సలహా కోసం మతగురువు దగ్గరికి పోయినా ఏ గురువు దగ్గరికి పోవాలన్నది మనమే ఎంచుకుంటామనీ, ఆయన ఏం చెబుతాడో మనకు ముందే ఎంతో కొంత తెలుసుననీ వివరించాడు. బోరు పాయింటుకు ఇంతకన్నా సరిపోయే మాట నాకు తెలీదు.

ఇక రెండో సలహా. బోరు ఎక్కడ వేయాలన్న దానికన్నా ఎక్కడ ఆపాలన్నది ముందు తేల్చుకోండి. ఇది పెద్దలకు అసలు నచ్చదు. మొదలుపెట్టక ముందే ఆపడం గురించి మాట్లాడితే అపశకునం అంటారు. బోరు బండి వచ్చాక ఏం జరుగుతుందో చూసినవాళ్లకు మాత్రం ఈ సలహా విలువ తెలుస్తుంది. కంప్రెసర్ మోతకు పక్కనున్నవాడి మాట వినపడదు. బూడిదరంగు పొడి లేచి అందరి తలల మీదా పడుతుంటుంది. ఒక్కో రాడ్డు దిగేకొద్దీ బయటికొచ్చిన రాతిపొడిని కుప్పలు కుప్పలుగా పేర్చి, కుప్ప మీద వేలు పెట్టి చెమ్మ ఉందేమోనని చూస్తుంటారు. నాలుగు వందల అడుగులు దాటాక బండి ఏజెంటు దగ్గరికొచ్చి చెవిలో అరుస్తాడు: "అన్నా, చెమ్మ తగిలింది. ఇంకో రెండు రాడ్లు దించుదామా?" లోతు పెరిగేకొద్దీ అడుగు రేటూ పెరుగుతుంది. ఆ మోతలో, చుట్టూ ఊరంతా నిలబడి చూస్తుండగా, ఏ మగాడూ "చాలు" అనలేడు. అప్పటిదాకా పెట్టిన డబ్బే ఇంకాస్త పెట్టమని లాగుతుంటుంది.

అందుకే బండి రాకముందు రోజు, ఇల్లు ప్రశాంతంగా ఉన్నప్పుడు, ఎన్ని అడుగుల దగ్గర ఆపాలో రాసుకోండి. రాసింది ఇంట్లో ఆమె చేతికివ్వండి. బోరు డబ్బుల కోసం బ్యాంకులో తాకట్టు పెట్టింది చాలా ఇళ్లల్లో ఆమె బంగారమే. ఆపమనే హక్కు ఆమెదని ఏజెంటుకూ బండివాళ్లకూ ముందే చెప్పండి. ఊళ్లో నలుగురూ నవ్వితే నవ్వనివ్వండి. తాకట్టు విడిపించాల్సింది వాళ్లు కాదు.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. నీళ్లు పడకపోవడం మీ తప్పు కాదు. మన కింద ఉన్నది మొండిరాయి. దేశమంతా పిల్లలు అక్షరాలు దిద్దిన మార్కాపురం పలక ఈ నేలలోదే. పొరలు పొరలుగా విడిపోయే ఆ రాతిలో నీళ్లకు చోటు పగుళ్లలోనే. పగులు దొరికిందా లేదా అన్నది ఎవరి చేతిలోనూ లేదు. మూడు బోర్లు ఎండాక నాలుగోది వేయడం మాత్రం రాయి చేసిన పని కాదు. దానికి తలరాతను తోడు తెచ్చుకోకండి. తలరాత అనుకున్నవాడికి ఐదో బోరు కూడా తలరాతే అవుతుంది. నిర్ణయం నాదే అనుకున్నవాడికి ఆగే దారి కనిపిస్తుంది.

ఆ పగులు మీ గట్టు దగ్గర ఆగిపోదు. కాబట్టి మీ బోరుకు ముందు పక్కచేను బోరు చూసి రండి. ఎన్ని అడుగులు, మోటారు ఎంత సేపు నీళ్లు పోస్తోంది, ఎండాకాలం ఎప్పుడు ఆగిపోయింది, అన్నీ అడగండి. తర్వాత మీరు ఎక్కడ, ఎంత లోతు వేయబోతున్నారో ఆయనకు చెప్పండి. "వాడికెందుకు చెప్పాలి, నా పొలం నా ఇష్టం" అంటారు ఊళ్లో. చట్టం కూడా చాలావరకు అదే అంటుంది: 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ప్రకారం పొలం కింద ఊరే నీళ్లు తోడుకునే హక్కు పొలం యజమానిదే. 2002లో వచ్చిన వాల్టా చట్టం దానికి కొన్ని హద్దులు పెట్టింది. ప్రజల తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపల అనుమతి లేకుండా బోరు వేయకూడదు. కానీ మీ బోరు వల్ల అర్ధరాత్రి పక్కాయన మోటారు గాలి లాగుతుంటే ఏ అధికారీ రాడు. హక్కు మీకుంది కాబట్టే ఆలోచించాల్సిందీ మీరే.

పక్కవాళ్లతో కలిసి నీళ్ల లెక్క చూసుకోవడం జరగని పని అనుకోకండి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయంతో 2000 దశకంలో ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల్లో భూగర్భజలాల కార్యక్రమం ఒకటి నడిచింది. మన ప్రకాశం జిల్లా అందులో ఒకటి. రైతులే వానను కొలిచారు, బోర్లలో నీటిమట్టం కొలిచి ఊళ్లో బోర్డు మీద రాశారు. రబీ ముందు అందరూ కూర్చుని, భూమిలో ఎన్ని నీళ్లున్నాయి, ఏ పంటకు ఎన్ని కావాలి అని లెక్కేశారు. అక్కడితో సరి. వరి వేయొద్దని ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు, మానినందుకు డబ్బులూ ఇవ్వలేదు. లెక్క తెలిసిన రైతులు ఎవరికి వారే ఇంటికెళ్లి నిర్ణయించుకున్నారు. చాలాచోట్ల వరి తగ్గింది, నీళ్లు తోడడం తగ్గింది. 2010లో ప్రపంచ బ్యాంకు నివేదిక దీన్ని మెచ్చుకుంది. ఇష్టాన్ని ఎవరూ లాక్కోకుండానే బాధ్యత వచ్చిందన్నదే నాకు ఇందులో గొప్పగా తోచింది.

నీళ్లు పడ్డాక, కరెంటు రాగానే మోటారును దానంతటదే తిప్పే ఆటో స్టార్టరు తీసేయండి. 2004 మే 14న వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసి ఉచిత కరెంటు ఫైలు మీద సంతకం పెట్టారు. మెట్ట రైతుకు అది నిజమైన ఊరట. రాత్రి కరెంటు రోజుల్లో పాములకూ షాకులకూ భయపడి ఆటో స్టార్టరు బిగించుకున్నవాళ్లనూ తప్పు పట్టలేం. పగలు కరెంటు వచ్చే చోట మాత్రం చేనికి నడిచి వెళ్లి మీ చేత్తో స్విచ్చి వేయండి. నడిచి వెళ్లినవాడు మడి తడిసిందో లేదో చూస్తాడు. తడిసిందని చూసినవాడు మోటారు ఆపుతాడు.

వెలిగొండ ప్రాజెక్టును నమ్ముకుని బత్తాయి తోట పెట్టకండి. 1996లో శంకుస్థాపన జరిగింది. శ్రీశైలం జలాశయం దగ్గర కొల్లంవాగు నుంచి నల్లమల కింద దాదాపు 19 కిలోమీటర్ల జంట సొరంగాల్లో మొదటిదాని తవ్వకం 2021లో, రెండోదాని తవ్వకం 2024లో పూర్తయ్యాయి. 4.47 లక్షల ఎకరాలకు నీళ్లన్నది లక్ష్యం. ఆ నీళ్లు అడగాలి, ఓటడగడానికి వచ్చిన ప్రతివాణ్నీ నిలదీసి అడగాలి. రాని నీళ్లను లెక్కలో వేసుకుని ఈ ఏడు మొక్క నాటడం వేరు. కాపుకొచ్చేదాకా ఏళ్ల తరబడి ఆ తోటను బతికించాల్సింది మీ బోరే.

చివరిది, పడని బోరు గురించి. బండి వెళ్లేముందు కేసింగు పైపు పీకి తీసుకుపోతారు, డబ్బులు మిగులుతాయని మనమూ ఊరుకుంటాం. మిగిలేది నోరు తెరుచుకున్న గొయ్యి. అలాంటి గోతుల్లో పిల్లలు పడి చనిపోతుంటే 2010లో సుప్రీంకోర్టు వదిలేసిన బోర్లను అడుగు నుంచి నేలమట్టం దాకా పూడ్చాలని ఆదేశించింది. గోనెసంచి కప్పి పైన రాయి పెట్టడం పూడ్చడం కాదు. కూలీ దొరికాక చూద్దామని వాయిదా వేయకండి. కుప్పలుగా పోసిన రాతిపొడి పక్కనే ఉంటుంది. బండి ఇంకా చేలో ఉండగానే పార పట్టండి, నిండాకే బండివాళ్లకు డబ్బులివ్వండి.