గోడ నిండా గడియారాలే

తెలుగువాళ్ల ఇంట్లో గోడగడియారం కొనాల్సిన అవసరం సాధారణంగా రాదు. దానంతట అదే వస్తుంది. గృహప్రవేశానికి ఒకటి, పెళ్లికి నాలుగు, ఎన్నికల ముందు నాయకుడి బొమ్మతో ఒకటి. ఉద్యోగ విరమణ రోజున శాలువాతోపాటు ఇంకొకటి, ఇక టైముకి ఎక్కడికీ వెళ్లక్కర్లేని మనిషికి! చాలావాటి పుట్టిల్లు గుజరాత్‌లోని మోర్బీ, మెట్టినిల్లు మన అటక.

ఒకే గోడ మీద రకరకాల సైజుల గడియారాలు గుత్తిగా అమరిస్తే హాలుకి కళ వస్తుందని ఇంటి అలంకరణ నిపుణులు చెబుతుంటారు. కాకినాడలో రిటైరైన లెక్కల మేష్టారొకాయన ఆ సలహా ఏదో వారపత్రికలో చదివి, అటక మీదవన్నీ కిందికి దింపారు.

మొదటి అడ్డంకి వాస్తు. తూర్పున కిటికీలు, పడమట గుమ్మం, ఉత్తరాన టీవీ. మిగిలింది దక్షిణం గోడ.

“యముడి దిక్కున కాలాన్ని వేలాడదీస్తారటండీ?” అన్నారు మేష్టారి ఆవిడ.

టీవీని దక్షిణానికి మార్చారు. దానికి యముడితో పేచీ లేదు కాబోలు. డ్రిల్లింగ్ మిషన్ కుర్రాడు వచ్చి, మేష్టారు పెన్సిల్‌తో పెట్టిన గుర్తుల్లో కొన్నిటి మీదా, కొన్నిటి పక్కనా కన్నాలు పెట్టి వెళ్లాడు. పెచ్చులూడినచోట క్యాలెండర్లు వేలాడాయి.

రాత్రి అయ్యాక తెలిసింది అసలు సంగతి. ఈ గడియారాల్లో ఉండే చిన్న క్వార్ట్జ్ ముక్క సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ సంఖ్యను వరసగా పదిహేనుసార్లు సగం చేస్తే ఒకటి వస్తుంది. ఆ ఒక్కటే మనకు వినిపించే టిక్కు. లెక్కల మేష్టారికి ఇంతకన్నా ముచ్చటైన లెక్క ఉండదు. కానీ గోడ మీద ఉన్నవన్నీ తలో క్షణాన టిక్కుమంటుంటే వినబడేది లెక్క కాదు, రేకుల షెడ్డు మీద చినుకులు. 1665లో డచ్చి శాస్త్రవేత్త హైగన్స్ జబ్బుచేసి మంచం మీదుండగా, ఒకే దూలానికి వేలాడుతున్న తన రెండు లోలకాల గడియారాలు ఎవరూ చెప్పకుండానే లయ కలుపుకోవడం గమనించాడు. దూలం గుండా పాకే సన్నటి కదలికే అందుకు కారణం. మేష్టారు ఆ కథ చెప్పి భార్యను ఓదార్చబోయారు. ఆ రాజీ లోలకాలకే గాని క్వార్ట్జ్‌కి చేతకాదని అర్థమయ్యాక, ఆవిడ దిండు తీసుకుని వెనక గదిలోకి వెళ్లిపోయారు.

పైగా ఏ రెండూ ఒక టైము చెప్పవు. నెలకు పది, పదిహేను సెకన్లు అటూ ఇటూ కావడం ఈ సరుకుకి మామూలే. అయినా గడియారాన్ని టైముకోసం చూసేవాళ్లెవరు? హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో కుక్ అండ్ కెల్వీ వారి గడియారం ముందు గంట గంటకూ జనం గుమిగూడతారు. తలుపు తీసుకుని వచ్చి గంట కొట్టే గడ్డపు బొమ్మకోసమే వాళ్లంతా అక్కడ నిలబడేది. టైమెంతయిందో వాళ్ల జేబులోని ఫోనే చెబుతుంది.

మేష్టారికి మాత్రం ఒక సాకు దొరికింది. కూతురు డాలస్‌లో, కొడుకు మెల్‌బోర్న్‌లో, మేనల్లుడు లండన్‌లో. ఒక్కో గడియారాన్నీ ఒక్కో ఊరికి తిప్పేశారు. కాకినాడది నడిమధ్యన పెట్టారు. భారత కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం తమ ఊరి చుట్టుపక్కల నుంచే పోతుందని ఆయనకు మహా గర్వం.

ఆ గర్వాన్ని స్టూలు దించింది. అమెరికావాళ్లు మార్చి రెండో ఆదివారం గంట ముందుకు జరిపి, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తెస్తారు. లండన్‌కి మార్చిలో, అక్టోబరులో ఆఖరి ఆదివారాలు. మెల్‌బోర్న్‌కి ఏప్రిల్, అక్టోబరు మొదటి ఆదివారాలు, అదీ తిరగేసి. ప్రపంచం గంట జరిగినప్పుడల్లా మేష్టారు స్టూలెక్కడం, ఆవిడ స్టూలు పట్టుకుని ముగ్గురు పిల్లల్నీ కలిపి తిట్టడం.

కొంత ఊరట లెక్కల్లోనే దొరికింది. అంకెలు లేకుండా గీతలే ఉన్న గడియారాన్ని ఆయన తలకిందులుగా వేలాడదీశారు. మనకు మధ్యాహ్నం మూడయితే అందులో పెద్ద ముల్లు ఆరు చోట, చిన్న ముల్లు తొమ్మిది చోట కనిపిస్తాయి. తొమ్మిదిన్నర! చలికాలంలో లండన్ టైము అదే. అయితే అరగంటప్పుడు చిన్న ముల్లు రెండంకెల నడుమ ఉండాలి, ఇదేమో తొమ్మిది మీదే ఉంది. కాబట్టి ఎనిమిదిన్నర అనీ చదువుకోవచ్చు. ఆ నెలల్లో మెల్‌బోర్న్ మనకన్నా అయిదున్నర గంటలు ముందు, అక్కడ రాత్రి ఎనిమిదిన్నరే! ఒకే గడియారంలో కొడుకూ మేనల్లుడూ సర్దుకున్నారు. మర్నాడు ఇల్లు ఊడ్చే అమ్మాయి, పాపం తిరగబడిందనుకుని సరిగ్గా తగిలించింది. లండన్ మళ్లీ కాకినాడయింది.

డాలస్‌కి ఆ కిటుకు పనిచేయదు. చలికాలం పదకొండున్నర గంటలు, ఎండాకాలం పదిన్నర. పైగా దాని సెల్లు నీరసించింది. సెకన్ల ముల్లు ఆరు నుంచి పైకెక్కలేక తొమ్మిది దగ్గర కొట్టుకుంటోంది. ముల్లు అడ్డంగా ఉన్నప్పుడే దాని బరువు మోటారుని ఎక్కువగా లాగుతుంది, అందుకే అక్కడ.

ఈ కష్టం చూసి కూతురు సెలవులకొస్తూ తనంతట తానే టైము దిద్దుకునే గడియారం తెచ్చింది. కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్ రేడియో కేంద్రం పంపే సంకేతాన్ని పట్టుకుని ముళ్లు తిప్పుకుంటుందట. ఆ సంకేతం ఉత్తర అమెరికా దాటి కాకినాడ దాకా వచ్చే రకం కాదు. వెనకున్న బొత్తాం నొక్కి చేత్తోనే దిద్దాలి.

“అయితే దీనికీ స్టూలు పట్టుకోవాలటే?” అని అడిగారు ఆవిడ కూతుర్ని.