కొత్తది కొని... పాతది చేసి!

మా బావమరిది కోఠిలో మూడొందలు పోసి కొత్త తోలు వాచీ బెల్టు కొన్నాడు. ఇంటికి రాగానే దాన్ని పాతది చేసే పనిలో పడ్డాడు. వాళ్లావిడ గోళ్లరంగు తుడుచుకునే అసిటోన్‌తో పైపూత లేపేశాడు. 220 నంబరు ఉప్పుకాగితంతో అంచులు గీకాడు. నలిపాడు, మెలిపెట్టాడు, ఆముదం పట్టించాడు. (అత్తగారి మోకాళ్ల కోసం తెచ్చిన సీసా లెండి.) పూత పోయాక తేలిందేమిటంటే, లోపలున్నది తోలు కాదు, తోలుపొట్టును జిగురుతో అతికించిన అట్ట!

అయినా ‘వింటేజ్ లుక్ బావా’ అంటూ చెయ్యి చాపాడు. నా చేతికున్న పన్నెండేళ్ల బెల్టు చెమటకు నల్లబడి, బెజ్జాలు సాగి వేలాడుతోంది. ‘ఆ దరిద్రాన్ని పారెయ్ బావా’ అని ఉగాదికి ఈసడించిందీ ఇతగాడే. ఇప్పుడు దాన్నే తడుముతూ అడుగుతున్నాడు: ‘ఎంతకిస్తావ్?’